చంద్రగిరి దగ్గర ఆరు కుటీరాలు: యాత్రికులకు మంచి నిద్ర పట్టాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న (మామిడితోట, చంద్రగిరి)

అందరికీ నమస్కారం. శ్రీనివాస మంగాపురానికి దగ్గరలో మాకు మామిడి తోట ఉంది. శ్రీవారి మెట్టు దారిన కొండకు నడిచి వెళ్లేవారు ముందు రోజు రాత్రి విశ్రాంతి తీసుకోవడానికి, దర్శనం చేసుకుని దిగివచ్చినవారు కాళ్లు చాపుకుని పడుకోవడానికి వీలుగా ఆ తోటలో ఆరు కుటీరాలు కట్టాలని మా కుటుంబం నిర్ణయించుకుంది. తిరుపతికి వచ్చే మా బంధువులు ఏళ్ల తరబడి చెబుతున్న మాట ఒక్కటే: గది శుభ్రంగానే ఉంది, నీళ్లూ బాగానే వచ్చాయి, కానీ రాత్రంతా కంటి మీద కునుకు లేదు. అందుకే మిగతా హంగులన్నిటికంటే నిద్రకే మొదటి స్థానం ఇవ్వాలని మా ఉద్దేశం.

ఇంజనీరు గారు గీసిచ్చిన ప్లానులో ఆరు గదులూ ఒకే వరుసలో, గదికీ గదికీ మధ్య నాలుగున్నర అంగుళాల గోడతో, ముందు ఒకే పొడుగాటి వరండాతో ఉన్నాయి. గదులకు స్లాబు, వరండాకు రేకులు. తలుపులన్నీ పడమటికి, అంటే ఊరి రోడ్డు వైపుకు ఉన్నాయి. లోపలి అలంకరణ చూసేవారేమో నిద్ర సంగతంతా పరుపులోనే ఉందని, ఖరీదైన పరుపులు, సీలింగుకు చెక్క పలకలు వేయిస్తే చాలని అంటున్నారు. మా దగ్గర ఉన్న డబ్బు పరిమితం. ఇంకా పునాదులు తీయలేదు కాబట్టి ఏది మార్చాలన్నా ఇప్పుడే మార్చాలి. గోడలు, పైకప్పు, పరుపులు, ఏసీలు, వీటిలో దేనికి ముందు ఖర్చు పెట్టాలి? పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఒక్కో గదిలో ఐదారుగురు దిగడం మన దగ్గర మామూలే కనుక, ఆ సంగతి కూడా దృష్టిలో పెట్టుకుని చెప్పగలరు.

సమాధానం (కట్టడాల ఇంజనీరు, చిత్తూరు)

పునాదులకు ముందే అడగడం చాలా మంచిదైంది. నిద్ర చెడగొట్టేవాటిలో ఎక్కువ భాగం ప్లానులోనే వచ్చి చేరతాయి. ఆ తరువాత ఎంత మంచి పరుపు వేసినా అవి పోవు.

కొత్త చోట పడుకున్న మొదటి రోజు సరిగా నిద్ర పట్టకపోవడం అందరికీ అనుభవమే. 2016లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీన్ని పరీక్షించి, కొత్త చోట మొదటి రోజు గాఢనిద్రలో కూడా మెదడు ఎడమ సగం కుడి సగమంత లోతుగా నిద్రపోవడం లేదని, అలవాటు లేని చప్పుళ్లకు అది చప్పున స్పందిస్తోందని కనుగొన్నారు. వారం రోజులు ఉండడానికి వచ్చే విహారయాత్రికులు మరునాటికి కొంత కుదుటపడతారు. మీ దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఒక్క రాత్రి ఉండి వెళ్లిపోతారు, అంటే మీ అతిథులు ఎప్పుడూ ఆ మొదటి రోజు స్థితిలోనే పడుకుంటారు. అందుచేత ఎడతెగకుండా వినిపించే ఫ్యాను హోరు కంటే ఉండుండి వచ్చే చప్పుళ్లే మీరు ఎక్కువగా పట్టించుకోవలసినవి: పక్క గది గొళ్లెం, ఫ్లష్, కారు హారను, వరండాలో చెప్పుల చప్పుడు.

పడకగదిలో సగటు శబ్దం 30 డెసిబెల్స్‌ను, ఒక్కసారిగా వచ్చే చప్పుడు 45 డెసిబెల్స్‌ను దాటకుండా ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి. బయట ఆ పరిమితిని అందరూ పాటించినా సరే, లోపల 30 ఉండాలంటే గోడ, తలుపు, కిటికీ కలిసి పదిహేను డెసిబెల్స్ తగ్గించాలి. హారను మోగితే అది ఏమాత్రం చాలదు.

కాబట్టి ఆ వరుసను విడగొట్టండి. ఆరింటినీ విడివిడిగా కట్టే స్తోమత లేకపోతే రెండేసి గదుల చొప్పున మూడు జంటలు చేసి, జంటకూ జంటకూ మధ్య చెట్లు అలాగే ఉండనివ్వండి. జంటలో రెండు గదుల మధ్య గోడ తొమ్మిది అంగుళాలకు తగ్గకుండా, సీలింగు దగ్గర ఆగిపోకుండా స్లాబు దాకా వెళ్లాలి. ఆ గోడకు అటూ ఇటూ బట్టల అల్మరాలు పెట్టి, మంచాల తలవైపు దానికి దూరంగా ఉంచండి. బాత్రూము గోడకు మాత్రం తలవైపు రానే రాకూడదు. పైపులు ఆ గోడలో దించితే అర్ధరాత్రి ఎవరు ఫ్లష్ నొక్కినా తలగడ కిందే నీళ్లు పారినట్టుంటుంది. బాత్రూములన్నీ పడమర పక్కకు, అంటే రోడ్డు వైపుకు జరిపి వాటికి ఎత్తులో చిన్న కిటికీలు పెట్టండి. తలుపులూ పెద్ద కిటికీలూ తూర్పున తోటలోకి తెరుచుకోవాలి.

గోడ మీద పెట్టిన ఖర్చంతా తలుపు కింది సందులోంచి పోతుందన్న సంగతి చాలామంది గమనించరు. మూడడుగుల తలుపు కింద అర అంగుళం సందు ఉందంటే, అది ఆ తలుపు వైశాల్యంలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. అయినా అంత చిన్న సందు వల్ల, ఎంత బరువైన టేకు తలుపైనా ఇరవై డెసిబెల్స్‌కు కాస్త అటూ ఇటూగా మాత్రమే శబ్దాన్ని ఆపగలుగుతుంది. చుట్టూ రబ్బరు పట్టీ, కింద గడప ఉంటే ఆ తలుపే ఎంతో మెరుగుపడుతుంది.

వరండాకు రేకులు వద్దు. తిరుపతి ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో వస్తాయి. ఆ రాత్రులు రేకుల కింద ఎవరికీ నిద్ర ఉండదు. పైగా మీది మామిడి తోట, పండిన కాయ తొడిమ ఊడి రేకు మీద పడిందంటే ఆ దడేలుమన్న చప్పుడుకు గదిలో ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడి లేస్తారు. స్లాబునే ముందుకు పొడిగించండి, లేదా పెంకులు వేయించండి.

సమాధానం (పాత లాడ్జి మేనేజరు, తిరుపతి)

ఇంజనీరు గారు చెప్పినదంతా సబబే. బస్టాండు దగ్గర లాడ్జీల్లో చాలాకాలం పనిచేసినవాడిగా నేను వేళల సంగతి చెబుతాను, ఎందుకంటే తిరుపతిలో అందరికీ రాత్రి ఒకే సమయంలో ఉండదు. తెల్లవారుజామున రెండు గంటలకు ఒక కుటుంబం పిల్లలను లేపి స్నానాలు చేయించి బయలుదేరుతుంది. అదే సమయానికి హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో ఇంకో కుటుంబం సామానుతో దిగుతుంది. కొండ మీద రాత్రంతా వరుసలో గడిపినవారు ఉదయం తొమ్మిదికి వచ్చి మధ్యాహ్నం దాకా పడుకుంటామంటారు. ఈ ముగ్గురూ ఒకే వరండాలో ఉన్నారంటే ముగ్గురికీ నిద్ర ఉండదు, అందులో ఎవరి తప్పూ లేదు.

మూడు జంటలుగా కట్టే పక్షంలో, గేటుకు దగ్గరగా ఉన్న జంటను వేళకాని వేళ వచ్చే, వెళ్లే వారికి కేటాయించండి. కార్లు గేటు దగ్గరే ఆగాలి. అక్కడి నుంచి గదుల దాకా కంకర దారి కాకుండా నున్నటి బండలు పరిచి, సామాను రబ్బరు చక్రాల బండి మీద తీసుకెళ్లే ఏర్పాటు చేయండి. గది బుక్ చేసుకునేటప్పుడే ఎన్ని గంటలకు బయలుదేరతారో అడిగి రాసుకుంటే, ఎవరిని ఎక్కడ దింపాలో ముందే తేలిపోతుంది. మేలుకొలుపు కోసం కుర్రాడిని పంపి తలుపు తట్టించే పద్ధతి మాత్రం పెట్టకండి. అతను ఒక తలుపు కొడితే నాలుగు గదులు లేస్తాయి.

నేను అన్నిటికంటే ఎక్కువగా విన్న ఫిర్యాదు నీళ్ల గురించే. మూడు గంటలకు ఖాళీ బకెట్‌లో కొళాయి ధార పడుతుంటే ఆ మోత గోడ అవతలికి కూడా పోతుంది. కొళాయి ఎత్తు తగ్గించి, బకెట్ అడుగున రబ్బరు చాప వేస్తే సగం మోత అక్కడే ఆగిపోతుంది. ట్యాంకు నింపే మోటారు గదులకు దూరంగా, రబ్బరు దిమ్మల మీద ఉండాలి, రాత్రి పదిలోపు ట్యాంకు నిండి ఉండాలి. కరెంటు పోతే జనరేటరు వేసే ఆలోచన ఉంటే మానుకోండి. ఫ్యాన్లకూ లైట్లకూ ఇన్వర్టరు సరిపోతుంది.

పగటి నిద్ర కోసం కిటికీలకు వెలుతురు పూర్తిగా ఆపే మందపాటి తెరలు తప్పనిసరి. తెర కిటికీకి అటూ ఇటూ జానెడు ఎక్కువ ఉండాలి, లేకపోతే అంచుల్లోంచి ఎండ గీతలాగా సరిగ్గా కళ్ల మీద పడుతుంది.

సమాధానం (వైద్యురాలు, తిరుపతి)

పై ఇద్దరి మాటలతోనూ నేను చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క విషయంలో తప్ప. చప్పుడు రాకుండా సందులన్నీ మూసేస్తే ఐదారుగురు పడుకున్న గదిలో గాలి ఏమవుతుంది? మామూలు ఏసీ లోపలి గాలినే చల్లబరచి తిప్పుతుంది, బయటి గాలిని తీసుకురాదు. తెల్లవారేసరికి బొగ్గుపులుసు వాయువు పెరిగి గది ఉక్కగా తయారవుతుంది, లేచినవారికి తలనొప్పిగా, మగతగా ఉంటుంది. కాబట్టి బాత్రూములో చప్పుడు తక్కువ చేసే చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను రాత్రంతా నడిచేలా పెట్టి, తోట వైపు గోడలో లోపల దూది లాంటి మెత్తని పొర వేసిన వంపు గొట్టం గుండా బయటి గాలి వచ్చే దారి ఉంచండి. గాలి వంపు తిరిగి వస్తుంది, చప్పుడు ఆ పొరలో చాలావరకు ఇంకిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కిటికీలు తెరుచుకుని పడుకోవచ్చు కనుక వాటికి దోమల జాలీ గట్టిగా బిగించండి.

ఇక వేడి సంగతి. నిద్ర పట్టే సమయంలో శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంచెం తగ్గాలి. చేతులు, పాదాల చర్మం గుండా ఆ వేడి బయటికి పోవాలి. గది వేడిగా ఉంటే ఆ పని ఆలస్యమవుతుంది, గాఢనిద్ర తగ్గుతుంది, మధ్యలో మెలకువలు ఎక్కువవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతిలో పగలు 40 డిగ్రీలు దాటుతుంది, ఆ ఎండంతా తాగిన స్లాబు రాత్రి మనం పడుకున్నాక దాన్ని కిందికి వదులుతుంది. సాయంత్రం ఐదింటికి ఎండ తగిలిన తొమ్మిదంగుళాల పడమటి గోడ లోపలి వైపు వేడెక్కేది అర్ధరాత్రి ప్రాంతంలోనే. ఇంజనీరు గారు బాత్రూములను పడమటికి పంపడం ఈ రకంగానూ మేలే, ఆ వేడి మంచం దాకా రాదు. సీలింగు చెక్క పలకలకు పెట్టే డబ్బుతో స్లాబు మీద ఇటుక ముక్కలు, సున్నం వేయించి, పైన తెల్లని చలువ పెంకులు పరిపించండి. నా దృష్టిలో మీరు పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే విలువైనది అదే.

వెలుతురు గురించి ఒక్క మాట. మన లాడ్జీల్లో రాత్రంతా వెలిగే నీలం జీరో బల్బును దయచేసి పెట్టకండి. నిద్రకు తోడ్పడే మెలటోనిన్‌ను అన్నిటికంటే ఎక్కువగా అణచివేసేది నీలి కాంతే. పెద్దవాళ్లు రాత్రి లేచి బాత్రూముకు వెళ్లడానికి నేలకు జానెడు ఎత్తులో, మనిషి కదిలినప్పుడే వెలిగే చిన్న నారింజ రంగు దీపం చాలు. గదిలో మిగతా లైట్లు 2700 కెల్విన్ పసుపు కాంతివైతే బాగుంటుంది.

మామిడితోట, చంద్రగిరి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ప్లాను మార్చి జంటలుగా గీయమని చెబుతాము, రేకుల మాట కూడా విరమించుకున్నాము. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. ఆరుగురు దిగే గదిలో నాలుగు మంచాలు వేస్తే నడవడానికి చోటుండదు, కింద పరుపులు వేస్తే పెద్దవాళ్లకు లేవడం కష్టం. దీనికి దారేమిటి? ఏసీ ఎన్ని డిగ్రీల దగ్గర ఉంచమని అతిథులకు చెప్పాలి?

కట్టడాల ఇంజనీరు, చిత్తూరు

తోట వైపు కిటికీ కింద గోడ పొడవునా ఒకటిన్నర అడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పున అరుగు కట్టించి, దాని మీద కొబ్బరి పీచు పరుపులు వేయండి. గది పొడవు పదమూడడుగులు ఉంటే ఇద్దరు ఒకరి పాదాల వైపు మరొకరు హాయిగా పడుకోవచ్చు, పగలు అదే కూర్చోవడానికి పనికొస్తుంది. పెద్దవాళ్లకు మంచాలు, పిల్లలకు మంచం కింది నుంచి లాగే పరుపు ఇస్తే నేల ఖాళీగా ఉంటుంది. అరుగు ఇటుకతో కడతారు కనుక పక్కకు తిరిగినప్పుడల్లా కిర్రుమనే చప్పుడు కూడా ఉండదు. మంచాలు కొనేటప్పుడు ఇనుపవైనా చెక్కవైనా కొట్టులోనే పడుకుని, అటూ ఇటూ దొర్లి విని మరీ తీసుకోండి.

వైద్యురాలు, తిరుపతి

2020 నుంచి మన దేశంలో కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. సీలింగు ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే 25, 26 కూడా హాయిగానే ఉంటుంది, చంటిపిల్లలకూ వృద్ధులకూ చలి పట్టదు. 18లో పెట్టుకుని రగ్గు కప్పుకునేవారికి తెల్లవారుజామున చలికి మెలకువ వస్తుంది. ఏసీ బయటి పెట్టె మాత్రం పక్క గది కిటికీ కింద రాకుండా ఇప్పుడే ప్లానులో దానికి చోటు గుర్తించమని చెప్పండి. కట్టిన తరువాత దాన్ని మార్చాలంటే గోడలు మళ్లీ తొలచాలి.