కొండవీడు కొండ మీద సీసాలకు డిపాజిట్ పద్ధతి పెట్టించాలంటే ఏం చేయాలి?

మాది గుంటూరు. కొందరం కలిసి ఆదివారాలు కొండవీడు కొండ మీద చెత్త ఏరుతున్నాం. పొద్దున్నే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు గోతాలు నింపి కిందికి దించుతాం. మళ్లీ ఆదివారానికి అంతా మామూలే. ఘాట్ రోడ్డు మలుపుల్లో, చెరువు గట్ల మీద బిర్యానీ డబ్బాలు, వాటర్ బాటిళ్లు. అన్నిటికంటే బాధ పెట్టేవి పగిలిన బీరు సీసాలు. గాజు పెంకులు కోట రాళ్ల సందుల్లోకి దిగిపోతే చీపురుకు రావు, ఒక్కొక్కటీ చేత్తో తీయాల్సిందే. మేకలు తిరిగే చోటు, పిల్లలు చెప్పులు విప్పి ఆడుకునే చోటు అది!

చెట్లకు గోనెసంచులు కడితే కోతులు చింపేశాయి. బోర్డు పెడితే దాని కిందే పారేశారు. పారేసేవాళ్లను అడిగితే "ఊడ్చేవాళ్లు ఉంటారుగా, మీకెందుకు" అని గొడవకు వచ్చారు. ఆఫీసులో అర్జీ ఇచ్చాం, తీసుకున్నారు, అంతే. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు నిషేధమే గానీ వాటర్ బాటిళ్లు ఆ జాబితాలో లేవు. కాబట్టి ఆ మాట చెప్పి ఆపలేం.

తమిళనాడు నీలగిరి జిల్లాలో 2022 నుంచి మద్యం సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే వెనక్కి ఇస్తున్నారు. మద్రాస్ హైకోర్టు జోక్యంతో వచ్చిన పద్ధతి అది. మాకు అలాంటిదే ఘాట్ రోడ్డు మొదట్లో కావాలి: పైకి తీసుకెళ్లే ప్రతి సీసాకూ డిపాజిట్, దిగేటప్పుడు చూపిస్తే వాపసు.

ఆంధ్రాలో ఏ కొండ దగ్గరైనా, గుడి దగ్గరైనా ఇలా పెట్టించినవాళ్లు ఉంటే, అర్జీ ఏ అధికారికి, ఏమని రాసి ఇస్తే పని జరిగిందో చెప్పగలరా?