ఖరీదైన ఆంప్లిఫయర్‌కు చవక స్పీకర్లు తగునా?

ప్రశ్న (తిరుపతి): నా దగ్గర మేలైన ట్యూబ్ ఆంప్లిఫయర్ ఉంది. అన్నమయ్య కీర్తనలు వినడానికి దానికి తక్కువ ధర బుక్‌షెల్ఫ్ స్పీకర్లు కలిపితే దాని నాణ్యత వృథా అవుతుందా?

జవాబు: వృథా కాదు గాని, ధర కంటే ముందు సెన్సిటివిటీని, అంటే ఇచ్చిన పవర్‌కు స్పీకర్ ఎంత బిగ్గరగా మోగుతుందో చూడండి. ఒక వాట్‌కు మీటరు దూరంలో 84 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్, 87 ఇచ్చేదానితో సమానంగా వినిపించాలంటే రెట్టింపు పవర్ కావాలి. మీ ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లు?

ప్రశ్నించినవారు: 8 వాట్లు మాత్రమేనండి.

జవాబు: అయితే 90 డెసిబెల్స్‌కు తగ్గనివే, ఇంపిడెన్స్ (కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం) మరీ కిందికి పడిపోనివే వెతకండి.

మరొకరు (చిత్తూరు): నేను గదికే మొదటి స్థానం ఇస్తాను. గ్రానైట్ నేల, ఖాళీ గోడలు ఉన్న మన ఇళ్లలో శబ్దం బాగా ప్రతిధ్వనిస్తుంది కనుక, మందపాటి తివాచీ, తెరలు వేసి, ట్వీటర్లు (హెచ్చు స్వరాలు పలికే చిన్న భాగాలు) చెవి ఎత్తుకు వచ్చేలా స్పీకర్లను స్టాండ్లపై నిలపండి.