అమ్మ పేరు మీద అమ్మ తీసుకోని లోన్: ఇంట్లో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మూడు వాయిదాలు బాకీ, వెంటనే కట్టండి అంటూ మొన్న మా అమ్మకి ఉత్తరం వచ్చింది. ఆవిడ జన్మలో లోన్ తీసుకోలేదు. ఉత్తరంలో పేరు, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఫోన్ నంబరు మాత్రం ఆవిడది కాదు. "నేనేం తప్పు చేశానురా" అని రోజూ అడుగుతోంది. పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాం, లోన్ ఇచ్చినవాళ్లకి కూడా రాసి పంపాం. అది నడుస్తోంది. నేను అడిగేది ఇంటి సంగతి. రెండేళ్ల కిందట నాన్న పోయాక ఆయన బీరువా సర్ది, రెండు సంచుల కాగితాలు అలాగే చెత్తలో వేశాను. అందులో బ్యాంకు స్టేట్‌మెంట్లు, అమ్మ ఐడీ కార్డుల జిరాక్సులు ఉన్నాయి. అక్కడే పోయిందని నా అనుమానం. ఇప్పుడు ష్రెడ్డర్ కొన్నాను, నెలనెలా పాస్‌వర్డ్‌లు మారుస్తున్నాను. ఇంకేం చేయాలి?

జవాబు 1:

ఆవిడ తప్పేమీ లేదని ముందు అమ్మగారికి గట్టిగా చెప్పండి.

ష్రెడ్డర్ ఏ రకమో చూసుకోండి. నేను మొదట కొన్నది కాగితాన్ని సన్నని పేలికలుగా కోసేది. ఒకసారి డబ్బా ఖాళీ చేస్తుంటే ఒక పేలిక మీద నా ఖాతా నంబరు ఒక్క అంకె కూడా చెడకుండా కనబడింది. కాగితాన్ని అడ్డంగా పెట్టానేమో, బ్లేడు అక్షరాల వరస వెంటే నడిచింది. 2011లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా, ముక్కలు చేసిన ఐదు పత్రాలను మళ్లీ చదివి చూపమని పోటీ పెడితే, ఒక బృందం ఐదూ సాధించి 50,000 డాలర్లు గెలుచుకుంది. మన చెత్త కోసం ఎవరూ అంత శ్రమ పడరు గానీ, పేలికలైతే అసలు శ్రమే అక్కర్లేదు. నిలువుగా, అడ్డంగా కూడా కోసి చిన్న ముక్కలు చేసే క్రాస్ కట్ రకం, పెట్టె మీద పీ-4 అని ఉన్నది తీసుకోండి. ముక్క 160 చదరపు మిల్లీమీటర్లు దాటదు.

జిరాక్సు ఎవరికైనా ఇస్తే ఎవరికి, ఎందుకు, ఏ తేదీన అన్నది దాని మీదే రాసి సంతకం పెట్టండి. ఆ రాత ఫొటో మీదుగా పోవాలి. మూలన రాస్తే ఆ మూల కత్తిరించేస్తారు.

జవాబు 2:

కాగితాల గురించి పైన బాగా చెప్పారు. నాకు మాత్రం దెబ్బ తగిలింది ఫోన్ నంబరు దగ్గర.

ఒక సాయంత్రం ఫోన్‌లో సిగ్నల్ గీతలు పోయాయి. ఇంట్లో వైఫై ఉంది కదా, టవర్ సమస్య అయ్యుంటుందిలే అని పడుకున్నాను. తెల్లారి లేచేసరికి నా మెయిల్ నన్నే లోపలికి రానివ్వడం లేదు. ఎవరో నా పేరుతో వెళ్లి, సిమ్ పోయిందని చెప్పి కొత్తది తీసుకున్నారు. రాత్రంతా నా ఓటీపీలు వాళ్లకే వెళ్లాయి. కారణం లేకుండా సిగ్నల్ పోతే పక్కవాళ్ల ఫోన్ అడిగి తీసుకుని అప్పటికప్పుడు కంపెనీకి చేయండి. ఆ రాత్రి నేను చేయని పని అదే.

మెయిల్ తిరిగొచ్చింది, పాస్‌వర్డ్ మార్చాను, అయిపోయిందనుకున్నాను. నెల తర్వాత సెట్టింగ్స్ చూస్తే, బ్యాంకు నుంచి వచ్చే ప్రతి మెయిలూ తెలియని ఇంకో అడ్రస్‌కి ఫార్వర్డ్ అయ్యేలా ఫిల్టర్ పెట్టి ఉంది! పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన అది పోదు. మీరు ఈరోజే అమ్మగారి మెయిల్ తెరిచి ఫిల్టర్లు, రికవరీ నంబరు, రికవరీ మెయిల్, లాగిన్ అయి ఉన్న ఫోన్లు చూడండి. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చే లింకులన్నీ మెయిల్‌కే వస్తాయి, అందుకే మొదట దాని పని చూడాలి. ఓటీపీ మెసేజ్ బదులు, ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ గానీ, పాస్‌వర్డ్ లేకుండా ఫోన్ లాక్‌తోనే లోపలికి వెళ్లే పాస్‌కీ గానీ పెట్టండి. ఫోన్ పోయినా లోపలికి వెళ్లడానికి ఇచ్చే రికవరీ కోడ్లు కాగితం మీద రాసి బీరువాలో తాళం వేయండి.

నెలనెలా పాస్‌వర్డ్ మార్చే పని మానేయండి. చివర అంకె మార్చుకుంటూ పోతాం, అంతే. ఊరికే మార్పించొద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కూడా 2017లోనే చెప్పింది. పొడవాటిది, ఒక్కో ఖాతాకి వేరే వేరేది పెట్టండి. బయటపడిందని తెలిస్తే మాత్రం వెంటనే మార్చాలి.

ప్రశ్న అడిగిన వ్యక్తి:

ఇప్పుడే అమ్మ మెయిల్ తెరిచాను. ఫిల్టర్లు లేవు. కానీ రికవరీ నంబరు నాన్నది. ఆయన పోయిన కొన్నాళ్లకి ఆ సిమ్ ఆపించేశాం. దాని వల్ల ఏమైనా ఇబ్బందా?

జవాబు 2:

ఇబ్బందేనండి. ఆపేసిన నంబర్లను కంపెనీలు కొంతకాలం తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేస్తాయి. ఈపాటికి అది ఎవరి జేబులో ఉందో తెలియదు. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ అమ్మగారి కోడ్ వాళ్ల ఫోన్‌కి వెళ్తుంది. ముందు అది తీసేయండి. తర్వాత బ్యాంకు, బీమా, పెన్షన్, గ్యాస్, కరెంటు, ఆయన నంబరు ఇచ్చిన చోట్లన్నీ ఒక్కొక్కటే చూడండి.

జవాబు 1:

పనిలో పనిగా అమ్మగారి క్రెడిట్ రిపోర్ట్, అంటే ఆవిడ పేరు మీదున్న అప్పుల చిట్టా, కూడా తెప్పించండి. లోన్ల జాబితాతో ఆగకుండా, ఎవరెవరు ఆవిడ వివరాలు అడిగారో ఉండే పేజీ కూడా చూడండి. ఇంకోచోట ప్రయత్నించి ఉంటే అక్కడే తెలుస్తుంది.

ప్రశ్న అడిగిన వ్యక్తి:

మెయిల్‌లో నంబరు మార్చేశాను. అమ్మ పక్కనే కూర్చుని, నాన్న నంబరు ఎక్కడెక్కడ ఇచ్చారో గుర్తు చేసుకుంటూ నోట్‌బుక్‌లో రాస్తోంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. రేపు బ్యాంకుతో మొదలుపెడతాం.