అప్‌డేట్: ల్యాండ్ ట్రస్ట్ ఇల్లు తీసుకోవాలనే ఫిక్స్ అయ్యాం

ఇక్కడ బర్లింగ్టన్‌లో, అదే వెర్మాంట్‌లో, ఛాంప్లైన్ హౌసింగ్ ట్రస్ట్ (నేల తన దగ్గరే ఉంచుకుని ఇల్లు మాత్రమే అందుబాటు ధరకి అమ్మే లాభాపేక్ష లేని సంస్థ, ఇలాంటివాటినే ల్యాండ్ ట్రస్ట్ అంటారు) ద్వారా ఇల్లు కొనొచ్చా, నేల మనది కానప్పుడు అది సొంతిల్లు ఎలా అవుతుందని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్ అండీ. తీసుకుంటున్నాం.

నన్ను ఎక్కువ భయపెట్టింది అమ్మేటప్పటి లెక్కే. మనం లోన్‌లో కట్టిన అసలు మనకే వస్తుంది, పెరిగిన విలువలో మాత్రం 25 శాతమే మనది, అంటే ఇల్లు 40 వేల డాలర్లు పెరిగిందనుకోండి మనకి 10 వేలు, మిగతా పెరుగుదల మనం తీసుకోం కాబట్టి తర్వాత కొనేవాళ్లకి కూడా రేటు అందుబాటులో ఉంటుంది. లాభం తక్కువే, ఒప్పుకుంటా, కానీ ఎన్నాళ్లు అద్దె కట్టినా ఆ అసలు కూడా వెనక్కి రాదు కదా. నేలకి లీజు ఉంటుంది, ఇలాంటి ట్రస్టుల్లో ఎక్కువగా 99 ఏళ్లు, పిల్లలకీ వెళ్తుంది.

ఇంకోటి, ఇలాంటి మొదటి ల్యాండ్ ట్రస్ట్ 1969లో జార్జియాలో నల్లజాతి రైతుల కోసం పెట్టిన న్యూ కమ్యూనిటీస్ అంట, దానికి ఒక స్ఫూర్తి వినోబా భావే గ్రామదానం, అంటే ఊళ్లో భూమిని ఊరందరి పేరునా ఉమ్మడిగా ఉంచడం! ఆ గ్రామదానానికి దారితీసిన భూదాన ఉద్యమం మొదలైంది 1951లో మన పోచంపల్లిలో, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇచ్చినప్పుడు. మాది నల్గొండే, నాన్నకి ఫోన్‌లో చెప్తే ఎంత సంతోషపడ్డారో.

లీజు కాగితాలు లాయర్‌కి చూపించాకే సంతకం పెడతాం, మీరూ అదే చెయ్యండి.