ప్రార్థనలో మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఎలా?

ఆవగింజ:

అందరికీ వందనాలు. ఏకాంత ప్రార్థన గురించి అడుగుతున్నాను. మోకరించగానే మాటలు వాటంతట అవే వస్తాయి: "పరిశుద్ధుడవైన తండ్రీ, ఇంతవరకు కాచి కాపాడినందుకు స్తోత్రము..." అలా పది నిమిషాలు ఎక్కడా ఆగకుండా సాగిపోతుంది. ఆమేన్ అన్నాక చూసుకుంటే మనసులో ఉన్న అసలు సంగతి ఒక్కటీ బయటికి రాలేదని తెలుస్తుంది. భయం, కోపం, ఇంకొకరి మీద అసూయ, ఏది ఉంటే అది అలాగే ఉండిపోతుంది.

నా సందేహాలు మూడు. మాట నాలుకకు రాకముందే దేవుడికి తెలుసని 139వ కీర్తన చెబుతోంది కదా, మరి మళ్ళీ నోరు తెరిచి చెప్పడం ఎందుకు? "నాకే ఎందుకిలా చేశావు" అని దేవుణ్ణి అడగడం సణుగుడు కిందికి రాదా? రోజూ పాటించగలిగిన పద్ధతి ఏదైనా ఉందా? "మనస్ఫూర్తిగా ప్రార్థించండి" అని అందరూ చెబుతారు. ఆ మనస్ఫూర్తిగా అనేది ఎలాగో వివరంగా ఎవరైనా చెబితే మేలు.

మట్టికుండ:

వందనాలు. మొదటి ప్రశ్న, మూడో ప్రశ్న నేను తీసుకుంటాను.

"మీరు అడగకముందే మీకేం కావాలో మీ తండ్రికి తెలుసు" అని మత్తయి 6:8లో అన్న ప్రభువు, వెంటనే 9వ వచనంలో "కాబట్టి మీరు ఇలా ప్రార్థన చేయండి" అన్నాడు. దేవుడికి సమాచారం అందించడానికే ప్రార్థన అయితే ఆ "కాబట్టి"కి అర్థమే లేదు. అన్నీ తెలిసిన తండ్రి ముందు మనం తెలియనట్టు నటించడం మానేయాలన్నది అక్కడి సంగతి. అదే అధ్యాయంలో 5వ వచనం "వేషధారులు" అంటుంది. మన తెలుగు మాట అక్కడ అచ్చంగా సరిపోయింది, ఎందుకంటే మూలంలోని గ్రీకు మాటకు నాటకంలో పాత్ర కట్టేవాడనే అర్థం ఉంది. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకోమన్నది చూసేవాళ్ళు లేకుండా చేయడానికే. కానీ తలుపు వేశాక కూడా ఒక ప్రేక్షకుడు మిగిలే ప్రమాదం ఉంది. మన ప్రార్థనను మనమే వింటూ, బాగా సాగుతోందని మెచ్చుకుంటూ ఉంటాం.

లూకా 18లోని ఉపమానంలో ఇద్దరు ప్రార్థన చేస్తారు, ఒకడు నిష్ఠాపరుడైన పరిసయ్యుడు, ఇంకొకడు పన్నులు వసూలు చేసే సుంకరి. పరిసయ్యుడు అబద్ధమేమీ ఆడలేదని గమనించండి. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో దశమభాగం, ఇవన్నీ నిజాలే కావచ్చు. కానీ ఆ ప్రార్థనలో ఒక్క మనవి కూడా లేదు. సుంకరిది నాలుగు మాటల ప్రార్థన: "దేవా, పాపినైన నన్ను కరుణించుము." అందులో తన స్థితీ ఉంది, తన అవసరమూ ఉంది. మన ప్రార్థనలో ఈ రెండూ ఉన్నాయా అని చూసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

ఇక పద్ధతి. పదిహేను నిమిషాలు చాలు. మొదటి రెండు నిమిషాలు నోరు విప్పొద్దు. అలవాటైన మాటలు తోసుకొస్తాయి, వాటిని రానివ్వకండి. తర్వాత ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక్క వాక్యం చెప్పండి: "తండ్రీ, ఇప్పుడు నాలో ఉన్నది భయం." భయమో, విసుగో, అసూయో, సిగ్గో, ఒక్కదానికే పేరు పెట్టండి. తర్వాతి వాక్యం కారణం: ఏం జరిగింది, ఎప్పుడు, ఎవరి వల్ల. "నా చింతలన్నీ తీసివేయుము" అన్న చోట ఆ ఒక్క చింత ఏమిటో చెప్పండి. నాలుగైదు వాక్యాలు కాగానే ఆపి, మీకేం కావాలో తిన్నగా అడగండి. "నీ చిత్తమే జరగనివ్వు" అన్నది ఆ తర్వాతే.

ఈ వరసలోనే చాలామంది తడబడతారు. అడగాలంటే బెరుకు, అడిగినది దొరక్కపోతే నిరాశ. అందుకని ముందే "నీ చిత్తం" అనేసి తప్పించుకుంటాం. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు అలా చేయలేదు. మత్తయి 26:39లో ముందు "సాధ్యమైతే ఈ గిన్నె నా దగ్గరనుంచి తొలగిపోనివ్వు" అని అడిగాడు, ఆ తర్వాతే తన ఇష్టాన్ని తండ్రికి అప్పగించాడు. 42వ వచనానికి వచ్చేసరికి అదే ప్రార్థన "ఇది తొలగిపోవడం సాధ్యం కాకపోతే" అని మారింది. 44వ వచనంలో మూడోసారి కూడా ఆ మాటలే చెప్పాడని ఉంది. కాబట్టి ఒకే మనవిని మళ్ళీ మళ్ళీ చేయడం వ్యర్థమైన మాటలు పలకడం కాదు. ఆలోచన లేకుండా మాటల సంఖ్య పెంచడమే వ్యర్థం.

చివర్లో కృతజ్ఞత చెప్పేటప్పుడూ ఆ రోజుకు సంబంధించిన ఒక్క విషయం చాలు. స్తోత్రపదాలు చెడ్డవని నేను అనడం లేదు. అవి కంఠతా వచ్చేసినవి కాబట్టి మనసు నిద్రపోతున్నా నోరు నడిపిస్తుంది. పరీక్ష ఒకటి: ఇప్పుడు మీరు చెప్పిన వాక్యాన్ని ఎవరైనా, ఏ సంవత్సరమైనా, ఒక్క అక్షరం మార్చకుండా చెప్పగలరా? చెప్పగలిగితే మీ సంగతి ఇంకా లోపలే ఉంది.

నాలుగో జాము:

రెండో ప్రశ్నకు సంఖ్యాకాండం 11వ అధ్యాయం చదవండి. సణుగుడు, మొర రెండూ అందులో పక్కపక్కనే ఉన్నాయి. జనం మాంసం కోసం ఎవరి గుడారం వాకిట వాళ్ళు ఏడ్చారు, ఐగుప్తులో తిన్నవాటిని తలుచుకున్నారు, దేవుడి కోపం రగిలింది. మోషే మాటలు వాళ్ళ మాటలకన్నా మెత్తగా ఏమీ లేవు. ఈ జనాన్ని నేనేమైనా కన్నానా, ఒంటరిగా ఈ భారం మోయలేను, నాతో ఇలాగే చేయాలనుకుంటే నన్ను చంపేయి అన్నాడు (11-15 వచనాలు). దానికి జవాబుగా 16వ వచనంలో భారం పంచుకోవడానికి డెబ్భైమంది పెద్దలు వచ్చారు. జనం దేవుడి గురించి ఒకరితో ఒకరు చెప్పుకున్నారు, వెనక్కి వెళ్ళిపోవాలనుకున్నారు. మోషే దేవుడితోనే చెప్పాడు, జవాబు కోసం అక్కడే నిలబడ్డాడు. సణుగుడుకీ మొరకీ తేడా నాకు అక్కడే కనిపిస్తుంది. మాట ఎంత ఘాటుగా ఉందన్నదాన్ని బట్టి కొలిస్తే మోషే కూడా సణిగినవాళ్ళ లెక్కలోకే వస్తాడు.

యోబు 42:7 కూడా చూడండి. దేవుణ్ణి వెనకేసుకొస్తూ మాట్లాడిన స్నేహితులతో, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి యుక్తమైనది పలకలేదని దేవుడే అన్నాడు.

అయితే దేవుడితో ఏమన్నా చెల్లుతుందని దీని అర్థం కాదు. యిర్మీయా 15:18లో ప్రవక్త దేవుణ్ణి నమ్మించి ఎండిపోయే వాగుతో పోల్చాడు. 19వ వచనంలో దేవుడు అతణ్ణి సరిదిద్దాడు, విలువైన మాటలు పలకమన్నాడు. 20వ వచనంలో, నీకు తోడుగా ఉన్నానని తన వాగ్దానాన్ని మళ్ళీ చెప్పాడు. అంటే మన మాటల్లో తప్పుంటే ఆయన దిద్దుతాడు, తరిమేయడు. అదే యిర్మీయా 12:1లో వాడిన తీరు నేర్చుకోదగ్గది. "నువ్వు నీతిమంతుడివి" అని ముందు ఒప్పుకుని, "అయినా నీతో వాదిస్తాను" అని మొదలుపెట్టాడు. కోపంగా ఉన్న రోజున ఆ రెండు సగాలూ చెప్పండి. మొదటి సగం వదిలేస్తే అహంకారం దూరుతుంది, రెండోది వదిలేస్తే నటన మొదలవుతుంది.

ఆవగింజ:

చాలా స్పష్టంగా చెప్పారు, కృతజ్ఞతలు. ఇంకో రెండు సంగతులు. లోపల అసలు ఏమీ అనిపించకపోతే? కోపమూ లేదు, ప్రేమా లేదు, బండలా ఉంటే ఏం చెప్పాలి? అలాగే పాపాల ఒప్పుకోలు ఎప్పుడూ "తెలిసీ తెలియక చేసిన పాపాలను క్షమించుము" దగ్గరే ముగిసిపోతోంది.

ఊటబావి:

అక్కా, తమ్ముడూ, ఎవరైనా సరే, వందనాలు. ఒప్పుకోలు నుంచి మొదలుపెడతాను, ఎక్కువ పని అక్కడే ఉంది.

మన భాషలో తప్పును కర్త లేకుండా చెప్పడం చాలా సులువు. "నోరు జారింది." "కోపం వచ్చేసింది." "పొరపాటు జరిగిపోయింది." ఈ మూడింట్లోనూ "నేను" లేదు. నోరు దానంతట అది జారింది, పొరపాటు దానంతట అది జరిగింది! ఆదాము ఆదికాండం 3:12లో చేసింది ఇదే. "నువ్వు నాకిచ్చిన స్త్రీ" అని తన తప్పును సగం భార్య మీదికీ సగం దేవుడి మీదికీ నెట్టి, "తిన్నాను" అన్న మాట చివరికి వదిలాడు. ఒప్పుకోలు వాక్యాన్ని "నేను"తో మొదలుపెట్టి, "-ఆను" అనే క్రియతో ముగించండి. "ఆయన్ని నలుగురిలో తక్కువ చేయాలనే ఆ మాట అన్నాను." "డబ్బు సంగతి అడిగితే అబద్ధం చెప్పాను." ఆ వాక్యం తర్వాత "కానీ" రానివ్వకండి. కానీ తర్వాత వచ్చేదంతా వాదనే.

ఒక్కసారికి ఒకటో రెండో చాలు. పెద్ద జాబితా చదివితే మళ్ళీ అప్పజెప్పడమే అవుతుంది. అవతలి మనిషికి నష్టం చేసి ఉంటే ప్రార్థనతోనే సరిపెట్టకండి. మత్తయి 5:23-24 ప్రకారం అర్పణ అక్కడే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడాలి. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. చాలామందికి ప్రార్థనలో మాట పెగలకపోవడానికి కారణం ఇలా తీరని బాకీ ఒకటి ఉండటమే. కీర్తన 32:3లో దావీదు మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయన్నాడు.

ఇక మొద్దుబారిన మనసు సంగతి. ఏమీ అనిపించకపోతే అదే చెప్పండి: "తండ్రీ, నాకేమీ అనిపించడం లేదు. నీతో మాట్లాడాలనీ లేదు. అయినా వచ్చాను." అది నిజమైన ప్రార్థన. బలవంతంగా గొంతు వణికించి కన్నీళ్ళు తెచ్చుకోవద్దు. 1 సమూయేలు 1లో బిడ్డ కోసం ప్రార్థించిన హన్నా పెదవులే కదిలాయి, స్వరం వినబడలేదు, ఏలీ ఆమెను తాగి ఉందనుకున్నాడు. బయటికి కనిపించేదాన్ని బట్టి యాజకుడే పొరబడ్డాడు. మార్కు 9:24లో, బిడ్డను ప్రభువు దగ్గరికి తెచ్చిన ఒక తండ్రి "నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సహాయం చెయ్యి" అని రెండింటినీ ఒకే ఊపిరిలో చెప్పాడు. విశ్వాసం నింపుకుని మళ్ళీ రమ్మని ప్రభువు అతణ్ణి పంపేయలేదు, బిడ్డను బాగుచేశాడు.

సొంత మాటలు రానప్పుడు 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. మొదటి రెండు ఫిర్యాదు, తర్వాతి రెండు మనవి, చివరి రెండు నమ్మకం. ఒక వచనం చదవండి, ఆగండి, ఆ వచనానికి సరిపోయే మీ సొంత వాక్యం ఒక్కటి చెప్పండి. పది నిమిషాలు పడుతుంది. 5వ వచనం నోటికి రాకపోతే 4 దగ్గరే ఆపేసి రేపు మళ్ళీ రండి. 88వ కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, చివర్లో వెలుగు మాట లేదు. దాన్ని కూడా ప్రార్థనగానే బైబిలులో ఉంచారు.

ఒక జాగ్రత్త. ఈ మొద్దుబారడం వారాల తరబడి ఉండి, నిద్ర, ఆకలి తప్పి, చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే దాన్ని ప్రార్థన లోపంగా చూడొద్దు. వెంటనే నమ్మకమైన మనిషికి చెప్పండి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రాణం తీసేయమన్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, అదీ రెండుసార్లు. మాటలు ఆ తర్వాతే (1 రాజులు 19).

మట్టికుండ:

ఒకటి చెప్పడం మరిచాను. ఇదంతా తలుపు వేసుకున్న గదికి. సంఘ ప్రార్థనలో ఇలాగే మనసు విప్పుతానని ఇతరుల పేర్లు, వాళ్ళ ఇంటి గుట్లు బయటపెట్టకండి. "ప్రభువా, కొందరు నన్ను ఎలా బాధపెట్టారో నీకు తెలుసు" అని అందరి ముందూ అనడం పేరుకు ప్రార్థన, నిజానికి ఎదురుగా కూర్చున్నవాళ్ళకు చురక. వినేవాళ్ళు అర్థం చేసుకుని ఆమేన్ అనగలగాలని పౌలు 1 కొరింథీ 14:16లో కొలత ఇచ్చాడు.

ఆవగింజ:

మాట్లాడేకన్నా రాసుకోవడం తేలిక అనిపిస్తోంది. అలా చేయొచ్చా?

నాలుగో జాము:

చేయొచ్చు. రోజుకు అర పేజీ దాటనివ్వకండి. దాటితే ఆలోచన దేవుడి నుంచి రచన మీదికి మళ్ళుతుంది. ప్రతి వాక్యం "నువ్వు" అని ఆయనతో మాట్లాడేలా ఉండాలి. "ఈరోజు నాకు బాధగా ఉంది" అని మాత్రమే రాస్తే అది డైరీ. ఎవరైనా చదువుతారేమో అన్న భయం ఉంటే కలం మళ్ళీ వేషం కడుతుంది, కాబట్టి ప్రార్థించాక చించేయండి.

మిమ్మల్ని కలవరపెట్టింది ఒక కాగితమే అయితే, అది నోటీసు కానీ, డాక్టరు రిపోర్టు కానీ, ఎవరో రాసిన ఉత్తరం కానీ, దాన్నే తీసుకురండి. యూదా రాజు హిజ్కియా, శత్రువైన అష్షూరు రాజు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని మందిరంలోకి తీసుకెళ్ళి యెహోవా ఎదుట విప్పి పరిచాడు (2 రాజులు 19:14). 17వ వచనంలో, అష్షూరు రాజులు దేశాలను పాడుచేసిన మాట నిజమేనని ఒప్పుకున్నాడు కూడా. ఆ తర్వాతే 19వ వచనంలో రక్షించమని అడిగాడు. కాగితం ముందు పెట్టుకుని, అందులో మిమ్మల్ని భయపెట్టిన వరసను పైకి చదవండి, అక్కడినుంచి మొదలుపెట్టండి.