హాలో నైట్‌లో మాంటిస్ లార్డ్స్ అనే బాస్‌ల దగ్గర ఇరుక్కుపోయా, ఎవరైనా చెప్పండి

2017లో వచ్చిన గేమ్‌ని ఇప్పుడు మొదలుపెట్టా, నవ్వకండి. ఫంగల్ వేస్ట్స్ అనే ఏరియా దాకా బానే వచ్చా. మాంటిస్ లార్డ్స్ దగ్గర మాత్రం మూడు రోజులుగా అక్కడే. మొదట ఒక్కతే వస్తుంది, దాన్ని కొట్టేస్తున్నా. తర్వాత మిగతా ఇద్దరూ కలిసి దిగుతారు చూడండి, ఒకటి నేల మీద ఈటెతో దూసుకొస్తుంటే ఇంకోటి సరిగ్గా నా నెత్తిన. ఉన్నవి ఐదే మాస్కులు, అంటే ప్రాణాలు. హీల్ అవుదామని బటన్ నొక్కి పట్టుకునే లోపే ఇంకో దెబ్బ.

నా నెయిల్ (కత్తి) ఇంకా పాతదే. సిటీ ఆఫ్ టియర్స్‌కి వెళ్లి 250 జియో (గేమ్‌లో డబ్బు) ఇచ్చి పదును పెట్టించుకుని రమ్మంటారా, లేక దీంతోనే కుస్తీ పడాలా? హీల్ ఎప్పుడు చేస్తున్నారు మీరు? అవి గోడ పట్టుకుని ఈటె విసిరేటప్పుడు కుదురుతుందా?

ఇంకోటి. దీని తర్వాతి భాగంగా 2025లో వచ్చిన సిల్క్‌సాంగ్ కూడా కొని పెట్టా. అందులో చాలా దెబ్బలకి రెండేసి మాస్కులు పోతాయట. రెండూ ఆడినవాళ్లు చెప్పండి, ఇదే ఇంత ఏడిపిస్తుంటే అది నా వల్ల అవుతుందా? కథ మాత్రం ముందే చెప్పేయకండి ప్లీజ్.