సమస్యాపూరణం: ‘బొగ్గు వెలుఁగులఁ గురిపించెఁ బొద్దు వోలె’

పైన ఇచ్చిన పాదాన్ని చివర నిలిపి పద్యం అల్లాలి. ఛందస్సు తేటగీతి. విషయం: సినీ దర్శకుడు సత్యజిత్ రాయ్‌కి నివాళిగా ఒక చిత్రకారుడు బొగ్గుతో గీసిన రూపచిత్రం. నల్లని బొగ్గు వెలుగునెలా ఇస్తుందన్నదే చిక్కుముడి. అది విప్పాలి.

మొదటి పూరణ

సత్యజిత్తును దలఁచి యా చాయఁ దీర్ప
నుదుట విడిచిన కాగిత మదియె తెలుపు
కనుల చెంతను నీడలు గట్టిపడఁగ
బొగ్గు వెలుఁగులఁ గురిపించెఁ బొద్దు వోలె.

నిర్వాహకుడు: చక్కని పూరణ, అభినందనలు. రెండవ పాదంలో ‘నుదు–మది’ ప్రాసయతి చెల్లింది (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడు యతి; దానికి బదులు రెండవ అక్షరాలు కలిస్తే ప్రాసయతి). ఈ పద్యానికి ప్రాణం ‘విడిచిన కాగితం’. బొగ్గుబొమ్మలో తెల్లరంగు వాడనక్కరలేదు. నుదుటిమీది వెలుగూ కంటిపాపలోని మెరుపుచుక్కా ముందే వదిలిపెట్టాలి. తర్వాత చెరిపి తెద్దామంటే కాగితం గరుకులో దిగిన పొడి బూడిదరంగుగా మిగిలిపోతుంది.

ఒక సభ్యుడు: నీడ అంచు మెత్తగా ఉంటేనే అది రాయ్ వెలుగు. ఆయన సినిమా ‘అపరాజితో’ (1956)లో కాశీ ఇంటి ముంగిలి సెట్‌కి పైన తెల్లగుడ్డ పరిచి, దీపాల కాంతిని దానిమీద పడేసి కిందికి మళ్ళించాడు ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర. ముక్కు పక్కన కత్తిలాంటి నీడ గీస్తే పోలిక కుదిరినా ఆ వెలుగు రాదు.

రెండవ పూరణ

రెల్లుపూవుల నడుమను రైలు రాఁగ
అక్కతమ్ములు పరుగిడి యరసినంత
చిత్రకారుని తలఁపులోఁ జిందు వేసి
బొగ్గు వెలుఁగులఁ గురిపించెఁ బొద్దు వోలె.

నిర్వాహకుడు: ఇంజను బొగ్గును చిత్రకారుడి బొగ్గుతో కలపడం మంచి ఊహ. కాని మొదటి పాదంలో ‘రె–రై’ యతి చెల్లదు. ఎ–ఏలకు ఇ–ఈలతో మైత్రి ఉంది, ఐకారం అకారపు జట్టులోది. ‘రెల్లుపూవుల నడుమను రేఁగఁ బొగలు’ అనండి. రెండవ పాదంలో విషయదోషం. రాయ్ సినిమా ‘పథేర్ పాంచాలి’ (1955)లో అక్క దుర్గ పరుగులో పడిపోతుంది, రైలును దగ్గరగా చూసేది తమ్ముడు అపు ఒక్కడే. ఆ దృశ్యం బరువంతా అక్కడే ఉంది, దాన్ని పోనివ్వకండి. ‘అక్క వెన్కను బడఁ దమ్ముఁ డరసినంత’ అంటే యతీ నిలుస్తుంది, కథా నిలుస్తుంది.

పూరించినవారు: ఆర్యా, రెండు సవరణలూ స్వీకరిస్తున్నాను. ధన్యవాదాలు.

మూడవ పూరణ

పుల్లబొగ్గుతోఁ గొలతలు పోల్చి మొదట
గట్టి బొగ్గున ముదురైన కప్పుఁ దీర్చి
మెత్త రబ్బరు నద్దఁగ మిసిమి మెఱసి
బొగ్గు వెలుఁగులఁ గురిపించెఁ బొద్దు వోలె.

నిర్వాహకుడు: గణాలు (పాదాన్ని కొలిచే అక్షర గుంపులు), యతులు సరిపోయాయి. ‘మెఱసి’కి కర్త మిసిమి, ‘కురిపించె’కు కర్త బొగ్గు, అన్వయం తెగింది. ‘మిసిమి మెఱయ’ అంటే చాలు. పని వరుస మాత్రం అచ్చంగా చెప్పారు. పుల్లబొగ్గు ఊదితే రాలుతుంది కనుక కొలతలు దానితోనే పెట్టాలి. గట్టిబొగ్గులో జిగురుంటుంది, పడిందంటే పూర్తిగా పోదు.

మరొక సభ్యురాలు: కొలతల దగ్గర ఒక మాట. ఎదురుగా చూసిన ముఖంలో తల ఎత్తు 20 సెం.మీ. అయితే కళ్ళ గీత 10 దగ్గర వస్తుంది. రాయ్ ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. కింది నుంచి తీసిన ఫోటో చూసి గీస్తే కళ్ళు సగానికి పైకి జరుగుతాయి, గడ్డం పెద్దదవుతుంది. లెక్క ప్రకారం సగంలోనే పెడితే ముఖం వేరొకరిదైపోతుంది. పెన్సిలు గీతల మీద బొగ్గు పట్టదు, జారుతుంది. కాబట్టి మొదటి గీతకూడా బొగ్గే. చివర ఫిక్సటివ్‌ను (బొగ్గుపొడి రాలకుండా పట్టి ఉంచే ద్రవాన్ని) 30 సెం.మీ. దూరం నుంచి పలుచగా రెండు మూడు సార్లు, ప్రతిసారీ ఆరనిచ్చి కొట్టాలి. దగ్గర నుంచి ఒకేసారి తడిపితే లేత నీడలన్నీ నల్లబడతాయి.